ఏపీకే విప్పని చదువు

విశాఖలో రుషికొండ ఐటీ కొండ మీద ఉన్న మా ఆఫీసుకు మూడేళ్ళ క్రితం వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం భీమిలి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. చేరిన మూడో రోజు మధ్యాహ్నం, అప్పగించడానికి పనేదీ సిద్ధంగా లేక, "ముందు మన యాప్ ఎలా ఉందో చూడమ్మా" అన్నాను. ఫోన్‌లో వేసుకుని నాలుగు తెరలూ తిప్పి చూడమని నా ఉద్దేశం. ఆమె మాత్రం ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్ తాలూకు ఏపీకే ఫైలును, అంటే ఆండ్రాయిడ్ యాప్ మొత్తాన్ని మూటగట్టిన ఫైలును, ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, మూట విప్పి లోపలి కోడు చూపించే జాడెక్స్ అనే ఉచిత పరికరంలో తెరిచి, వెతికే పెట్టెలో "కీ" అని కొట్టింది. పావుగంట తర్వాత నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, ఇది మన కీయేనా అండి?" అంటూ తెరను నావైపు తిప్పింది.

ఆ కీ మాదే. నగరంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కోసం మేము తయారుచేసిన యాప్ అది; రక్తపరీక్ష చేయించుకున్నవారు ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి, తమ రిపోర్టు దించుకోవచ్చు. ఆమె చూపించినది ఎసెమ్మెస్ గేట్‌వే, అంటే మా తరఫున సందేశాలు పంపే కంపెనీ, తాలూకు ఏపీఐ కీ; అది చేతిలో ఉన్నవారెవరైనా మా ఖాతా నుంచి సందేశాలు పంపవచ్చు. యాప్ వాడే మాటలను రాసి ఉంచే స్ట్రింగ్స్ ఫైలులో, ఏ కంపెనీదో పేరుతో సహా, రెండేళ్ళుగా ఉంది. ఆ కీకి ఫోన్‌లో ఏం పని అని అడిగితే వచ్చే జవాబు ఇంకా ఘోరం. ఓటీపీని తయారుచేసేది యాపే, గేట్‌వే ద్వారా పంపించేది యాపే, యూజర్ కొట్టిన అంకెలు సరిపోయాయో లేదో పోల్చి చూసేది కూడా యాపే. గుమ్మం ముందు నిలబడిన మనిషికే తాళంచెవి ఇచ్చి, నువ్వు ఈ ఇంటివాడివో కాదో నువ్వే తేల్చుకుని లోపలికి రమ్మన్నట్టు ఉంది ఆ ఏర్పాటు. ఆ కోడు రాసింది మరెవరో కాదు, నేనే.

నా నోట వచ్చిన మొదటి మాట సమర్థింపే. "ఆర్8 ఆన్‌లోనే ఉంది కదమ్మా" అన్నాను. ఆండ్రాయిడ్ బిల్డ్‌లో, అంటే కోడును యాప్‌గా మార్చే దశలో, ఆర్8 అనేది క్లాసుల పేర్లనూ ఫంక్షన్ల పేర్లనూ ఏ, బీ, సీలుగా కుదించేస్తుంది కాబట్టి విప్పి చదివేవారికి కొంత తికమకగా ఉంటుంది. "పేర్లు మారాయి సార్, కొటేషన్ల మధ్యన ఉన్నవి మారలేదు" అంది ఆమె. నిజమే, ఆర్8 పని పేర్లను కుదించడమూ, వాడని కోడును తీసేయడమూ. కొటేషన్ల మధ్య రాసిన మాటలను దాచడం దాని పని కాదు. ఈ సంగతి నాకు తెలియదని చెప్పలేను, తెలుసనీ చెప్పలేను. ఎప్పుడూ చూడలేదు, అంతే.

అప్పటికి నేను యాప్‌లు రాస్తూ తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నేను రాసినదాన్ని పరాయివాడిలా విప్పి చూడలేదు. మొబైల్ యాప్‌లకు భద్రమైన కోడు రాయడం నేర్చుకోవాలంటే భద్రత గురించి చదవడంతో మొదలుపెట్టకూడదనీ, మొదటి యాప్ తయారైన వారంలోనే దాని ఏపీకేను తానే విప్పి, దాని రాకపోకలను తానే అడ్డగించి చూడడంతో మొదలుపెట్టాలనీ నా వాదన. మన కాలేజీలూ, శిక్షణ కేంద్రాలూ, మాలాంటి చిన్న కంపెనీలూ ఈ వరుసను తలకిందులు చేసి, భద్రతను చివరి అధ్యాయంగా మిగుల్చుతున్నాయి; చివరి అధ్యాయానికి సమయం మిగలదని చదువుకున్న ప్రతివారికీ తెలుసు.

ద్వారకానగర్ సందుల్లో ఏ భవనం మెట్లెక్కినా ఏదో ఒక అంతస్తులో శిక్షణ కేంద్రం తగులుతుంది. నేను కూడా అక్కడే, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళి, ఆండ్రాయిడ్ నేర్చుకున్నాను. చెప్పినవారు శ్రద్ధగానే చెప్పారు. అయితే పాఠం ఎక్కడ ముగిసేదో గుర్తుచేసుకుంటే విషయం బోధపడుతుంది: బటన్ నొక్కితే జాబితా వచ్చిందా, లాగిన్ అయితే రెండో తెర తెరుచుకుందా, తెరుచుకుంటే ఇక ఇంటికి వెళ్ళవచ్చు. తప్పు పాస్‌వర్డ్ కొడితే ఏమవుతుందో చూసేవాళ్ళం కానీ, లాగిన్ తెరను అసలు తాకకుండా రెండో తెరను నేరుగా తెరిస్తే ఏమవుతుందని ఎవరమూ అడగలేదు. అలా తెరవవచ్చని కూడా మాకు తెలియదు. యాప్ వివరాలను ఆండ్రాయిడ్‌కు చెప్పే మానిఫెస్ట్ ఫైలులో ఒక యాక్టివిటీకి (అంటే ఒక తెరకు) ఇంటెంట్ ఫిల్టర్, అంటే ఎలాంటి పిలుపులకు పలుకుతుందో చెప్పే వరుస, తగిలిస్తే చాలు, ఇంకేమీ చెప్పకపోతే ఆ తెరను ఫోన్‌లోని ఏ ఇతర యాప్ అయినా పిలవగలిగేది. అలాంటి తెర బయటివారికి తెరిచి ఉందో లేదో విడిగా రాసి తీరాలన్న నిబంధన 2021లో ఆండ్రాయిడ్ 12తో గానీ రాలేదు. వచ్చాక కూడా, బిల్డ్ ఆగిపోయిన చోట ఆలోచించకుండా "ట్రూ" అని రాసి ముందుకు సాగిన కోడును నేను మా ఆఫీసులోనే చూశాను.

ఆలోచించకుండా రాయడంలో నాకు పాత అనుభవమే ఉంది. 2013లో కాలేజీ ప్రాజెక్టు కోసం మేము పెట్టుకున్న టెస్ట్ సర్వర్‌కు, తానెవరో రుజువు చూపడానికి, మేమే చేసుకున్న సర్టిఫికెట్ ఉండేది. యాప్ దానితో మాట్లాడబోతే "ట్రస్ట్ యాంకర్ ఫర్ సర్టిఫికేషన్ పాత్ నాట్ ఫౌండ్" అని ఎర్ర అక్షరాలు వచ్చేవి. మర్నాడు వైవా. రాత్రి పదకొండు గంటలకు, ప్రోగ్రామర్లు ఒకరి ప్రశ్నలకు ఒకరు జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో ఒక జవాబు దొరికింది: సర్టిఫికెట్‌ను నమ్మాలో వద్దో తేల్చే ట్రస్ట్ మేనేజర్‌ను సొంతంగా రాసి, సర్వర్‌ను పరీక్షించవలసిన ఫంక్షన్‌ను ఖాళీగా వదిలేయాలి. ఖాళీ ఫంక్షన్ దేనికీ అభ్యంతరం చెప్పదు కాబట్టి ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఏ సర్టిఫికెట్ చూపించినా, అది ఎవరిదైనా, ఆ యాప్ తల ఊపేది. దారిలో కాఫీ షాపు వైఫైని నడిపేవాడు కూర్చుని తానే సర్వర్‌నని చెప్పినా నమ్మేది. మార్కులు బాగానే వచ్చాయి. తర్వాత ఆ ముక్కను నేను ఉద్యోగంలోకి కూడా వెంట తెచ్చుకున్నాను.

ఇది నా ఒక్కడి సోమరితనం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలోని హానోవర్, మార్బుర్గ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2012లో ప్లే స్టోర్ నుంచి 13,500 ఉచిత యాప్‌లు తీసి పరిశీలిస్తే, 1,074 యాప్‌లలో దారిలో ఎవరైనా చొరబడగల ఎస్ఎస్ఎల్ కోడు, అంటే సర్వర్‌తో గుట్టుగా మాట్లాడడానికి రాసే కోడు, కనిపించింది. 2016 మే నుంచి గూగుల్ ప్లే అలాంటి ట్రస్ట్ మేనేజర్లున్న కొత్త యాప్‌లనూ అప్‌డేట్లనూ అడ్డుకోవడం మొదలుపెట్టింది. అదే 2016లో వెలువడిన మరో అధ్యయనం నాకు మరింత ఆసక్తికరం. 54 మంది ఆండ్రాయిడ్ డెవలపర్లను కూర్చోబెట్టి, కొందరిని స్టాక్ ఓవర్‌ఫ్లో మాత్రమే చూడమన్నారు, కొందరిని గూగుల్ అధికారిక పత్రాలు మాత్రమే, కొందరిని పుస్తకాలు మాత్రమే. మిగిలినవారిని ఇష్టం వచ్చినవి చూడమన్నారు. స్టాక్ ఓవర్‌ఫ్లో చూసినవారి కోడు ఎక్కువగా పనిచేసింది, తక్కువ భద్రంగా ఉంది. అధికారిక పత్రాలు చదివినవారిది దీనికి తలకిందులు. పని జరగడమే గీటురాయిగా పెరిగిన చేతికి మొదటి రకం కోడే నచ్చుతుంది, నాకు నచ్చినట్టు.

బాన్ విశ్వవిద్యాలయంలో 2017లో చేసిన ప్రయోగం ఇంకొక అడుగు ముందుకు వెళ్ళింది. 20 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను యూజర్ల రిజిస్ట్రేషన్ కోడు రాయమని, సగం మందికి మాత్రమే పాస్‌వర్డులను భద్రంగా దాచాలని ముందే చెప్పారు. చెప్పని సగంలో ఒక్కరు కూడా భద్రంగా దాచలేదు. హాషింగ్ (పాస్‌వర్డును తిరిగి చదవలేని రూపంలోకి మార్చడం) అంటే ఏమిటని పరీక్షలో అడిగితే వారిలో చాలామంది పేజీ నింపగలరనే నేను అనుకుంటున్నాను. కాబట్టి కొరత తెలివిలో గానీ సిలబస్‌లో గానీ లేదు. తన కోడును అవతలి మనిషి కళ్ళతో చూసే అలవాటు ఆ చేతికి లేదు, ఆ అలవాటు సిలబస్‌లో ఒక పేజీ పెంచితే రాదు.

ఆదివారాలు ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి ట్యూషన్ గదిలో పది పన్నెండు మంది విద్యార్థులకు నేను యాప్‌లు రాయడం నేర్పుతుంటాను. ఓటీపీని ఫోన్‌లోనే ఎందుకు పోల్చకూడదో మొదట్లో గంటసేపు బొమ్మలు గీసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ బండి గురించి అడుగుతాను. ఇరవై రూపాయలు ఫోన్‌పేలో కొట్టి, పచ్చటి టిక్కు ఉన్న తెరను బండాయన ముఖం ముందు పెడితే ఆయన చూస్తాడా? చూడడు. తన డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని అరిచేదాకా పొట్లం ఇవ్వడు. కొనేవాడి చేతిలోని తెర మీద కొనేవాడికి కావలసినది ఏదైనా కనిపించవచ్చని ఆయనకు తెలుసు. బ్యాంకు నుంచి తన డబ్బాకు వచ్చిన మాటే ఆయనకు సాక్ష్యం. బీచ్‌లో బండాయనకు తెలిసిన ఈ సంగతి తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న నా ఓటీపీ కోడుకు తెలియలేదు.

మొబైల్ యాప్ విషయంలో అన్నిటికంటే ముందు ఒంటబట్టవలసినది ఇదే. వెబ్‌సైటు రాసేవాడి కోడులో ముఖ్యమైన భాగం తన సర్వర్‌లోనే ఉండిపోతుంది. యాప్ రాసేవాడు తన కోడును మూటగట్టి ముక్కూ ముఖం తెలియనివారి జేబులోకి పంపిస్తాడు. ఆ జేబులో ఏం జరుగుతుందో అతనికి కనిపించదు. ఆ ఫోన్‌ను రూట్ చేసి, అంటే వ్యవస్థ మీద పూర్తి అధికారం చేజిక్కించుకుని, వాడవచ్చు, ఫ్రిడా లాంటి పరికరంతో నడుస్తున్న యాప్‌లోకి దూరి "సరిపోయిందా" అన్న ఫంక్షన్ చేత ఎప్పుడూ "అవును" అనిపించవచ్చు. శత్రువు చేతికి అన్నీ చిక్కినా కీ ఒక్కటి రహస్యంగా ఉంటే వ్యవస్థ నిలబడాలని డచ్ భాషావేత్త ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే సైనిక సంకేతలిపుల గురించి రాశాడు. మేము ఆ మిగిలిన ఒక్కదాన్ని కూడా మూటలోనే కట్టి పంపాం.

ఓటీపీ పనిని సర్వర్‌కు మార్చిన తర్వాత బయటపడ్డాననుకున్నాను. అంకెలు ఆరు, గడువు ఐదు నిమిషాలు, ఐదు తప్పులైతే కొత్తది అడగాలి. తప్పులకు ఈ హద్దు లేకపోతే ఆరంకెల ఓటీపీ అంటే పది లక్షల ప్రయత్నాలు, అంతే. యంత్రానికి అది పెద్ద సంఖ్య కాదు. ఇంత చేశాక ఆ అమ్మాయి టెస్ట్ ఫోన్‌కూ టెస్ట్ సర్వర్‌కూ మధ్య, దారిలో వెళ్ళే మాటలను విప్పి చూపించే మిట్‌మ్‌ప్రాక్సీ అనే పరికరాన్ని పెట్టింది. అది పనిచేయాలంటే దాని సర్టిఫికెట్‌ను ఫోన్ నమ్మాలి. ఆండ్రాయిడ్ 7 నుంచి యూజర్ తానుగా వేసుకున్న సర్టిఫికెట్లను యాప్‌లు మామూలుగా నమ్మవు. ఎవరి సర్టిఫికెట్లను నమ్మాలో చెప్పే నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఫైలులో, డీబగ్ బిల్డ్‌కు (మేము పరీక్షించుకునే యాప్‌కు) మాత్రమే వర్తించే భాగంలో, అనుమతి రాయాలి. అక్కడ రాయకుండా అన్నిటికీ వర్తించే భాగంలో రాసి, అలాగే స్టోర్‌కు పంపేసినవారూ ఉన్నారు. వారు నా పాత ట్రస్ట్ మేనేజర్‌కు దగ్గరి చుట్టాలు.

లాగిన్ అయిన మనిషి రిపోర్టు కోసం యాప్ సర్వర్‌కు పంపుతున్న వినతిలో ఒక సంఖ్య కనిపించింది. దాని చివరి అంకె మార్చి పంపితే వేరే రోగి థైరాయిడ్ రిపోర్టు వచ్చింది. టెస్ట్ సర్వర్ కాబట్టి ఆ రోగి పేరు మేము కల్పించినదే, కానీ అసలు సర్వర్‌లో నడుస్తున్నదీ అదే కోడు. లాగిన్ అయిన మనిషి ఎవరో సర్వర్‌కు తెలుసు, అడిగిన రిపోర్టు ఏదో తెలుసు; ఈ రిపోర్టు ఈ మనిషిదేనా అని మాత్రం అది అడగడం లేదు. యాప్ తెర మీద ఎవరి రిపోర్టులు వారికే కనిపించేవి, అందువల్ల రెండేళ్ళపాటు పరీక్షించిన మాలో ఎవరికీ అనుమానం రాలేదు. తెరను చూసి పరీక్షించేవారికి ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు. దిద్దడానికి సర్వర్ కోడులో ఒక షరతు చాలింది. కనుక్కోవడానికి మాత్రం సర్వర్‌తో యాప్ ఏం మాట్లాడుతోందో ఒకసారి చెవి పెట్టి వినవలసి వచ్చింది.

ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలు ఓవాస్ప్ మొబైల్ టాప్ టెన్‌ను, అంటే ఓవాస్ప్ అనే భద్రతా సంస్థ వెలువరించే మొబైల్ యాప్‌ల పది ముఖ్యమైన ప్రమాదాల జాబితాను, వరుస తప్పకుండా అప్పజెబుతారు. ఆ జాబితా మీద నాకు గౌరవమే. 2024 కూర్పులో మొదటి స్థానం రహస్య ఆధారాలను సరిగా వాడకపోవడానిది, అంటే సరిగ్గా నా స్ట్రింగ్స్ ఫైలుది. 2016 కూర్పులో మొదటి స్థానం వేరే తప్పుది. పని అయ్యాక ఏమైనా మరిచామా అని సరిచూసుకోవడానికి అలాంటి జాబితాలు ఎంతో పనికొస్తాయి. నేర్చుకోవడానికి పనికిరావు, ఎందుకంటే ప్రతి వాక్యమూ చదవగానే ఒప్పుకోవలసినదిగా ఉంటుంది. రహస్యాలను కోడులో పెట్టకూడదంటే కాదనేవారెవరు? ఆ మాటకు తల ఊపుతూనే నేను పెట్టాను.

వంటల పుస్తకంలోని వంటకాల్లా కంఠస్థం చేసి నేర్చుకునే పద్ధతికి ఉన్న మరో ఇబ్బంది, వంటకాలు పాతబడతాయి. ఫోన్‌లో చిన్న చిన్న విలువలు దాచుకునే షేర్డ్ ప్రిఫరెన్సెస్ నిజానికి మామూలు ఎక్స్ఎంఎల్ ఫైలే కాబట్టి, దాని బదులు గూగుల్‌వారి జెట్‌ప్యాక్ సెక్యూరిటీ లైబ్రరీలోని గుప్తలేఖన (ఎన్‌క్రిప్షన్) రూపాన్ని వాడమని నా ఆదివారం పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి. 2025లో గూగుల్ దాన్ని పక్కన పెట్టి, కీలను భద్రపరిచే ఆండ్రాయిడ్ కీస్టోర్‌ను నేరుగా వాడుకోమంది. పేరు కంఠస్థం చేసినవారు చిక్కుకున్నారు. టోకెన్ (లాగిన్ అయినట్టు సర్వర్ ఇచ్చే గుర్తు) ఫోన్‌లో ఎంతకాలం ఉండాలి, అసలు ఉండాలా అని ఆలోచించడం అలవాటైనవారు కొత్త పత్రాలు చదువుకుని సాగిపోయారు. ఇంకో ఉదాహరణ: జావా భాషలో "ఏఈఎస్" అని గుప్తలేఖన పద్ధతి పేరు మాత్రమే రాసి సైఫర్ అడిగితే, అందులో ఈసీబీ అనే రకం వస్తుంది. ఒకే రకమైన ముక్కలకు ఒకే రకమైన గుప్తరూపం ఇచ్చే ఆ పద్ధతి తలుపు మీద తాళం బొమ్మ గీసినట్టు ఉంటుంది. 2013 నాటి ఒక అధ్యయనం గుప్తలేఖనం వాడే 11,748 ఆండ్రాయిడ్ యాప్‌లను చూస్తే 10,327 యాప్‌లలో గుప్తలేఖనాన్ని వాడడంలో పొరపాటు కనీసం ఒకటి దొరికింది. మా తరగతిలో దీన్ని ఉపన్యాసంగా చెప్పను. ఒక బొమ్మ ఫైలును అలా గుప్తీకరించి తెర మీద గీయిస్తాను. గుప్తీకరించాక కూడా బొమ్మ ఆకారం కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఈసీబీ ఎందుకు వద్దని ఎవరూ రెండోసారి అడగలేదు.

భద్రత పేరుతో చేసేదంతా మంచిదని కూడా నేను అనను. ఉత్సాహం ముదిరి మరుసటి ఏడాది ఇంకొక యాప్‌లో సర్టిఫికెట్ పిన్నింగ్, అంటే ఫలానా సర్టిఫికెట్‌ను తప్ప మరిదేన్నీ నమ్మవద్దన్న కట్టడి, పెట్టాం. సర్టిఫికెట్ మార్చవలసిన రోజు వచ్చినప్పుడు యాప్ మా సొంత సర్వర్‌నే శత్రువుగా ఎంచి మొరాయించింది. ఆండ్రాయిడ్ యాప్‌లకు పిన్నింగ్‌ను సిఫారసు చేయడం లేదని ఆండ్రాయిడ్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి, అది కూడా మేము తర్వాతే చదివాం.

నా పద్ధతి మీద వచ్చే అభ్యంతరాల్లో ఒకటి మా మేనేజర్‌ది: ఇంత చిన్న యాప్‌ను ఎవరు పట్టించుకుంటారు? ఎసెమ్మెస్ కీల కోసం ఏపీకేలను గాలించే ప్రోగ్రాములకు చిన్నాపెద్దా తేడా తెలియదని చెబితే ఆయన ఒప్పుకోలేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చిందనీ, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చనీ చెప్పాక ఒప్పుకున్నారు. వాదనలో గెలిచానని నాకు అనిపించలేదు, అంకె గెలిచింది.

రెండో అభ్యంతరం ఒక విద్యార్థి తండ్రిది. గాజువాక నుంచి స్కూటర్ మీద వచ్చి, "మావాడికి దొంగతనం నేర్పుతున్నారేటండి?" అని నిలదీశారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. ఏపీకే విప్పే పరికరం ఎవరి చేతిలోనైనా ఒకేలా పనిచేస్తుంది. అందుకే మొదటి రోజు చెప్పేది హద్దు: తాను రాసినదాన్ని, లేక నేర్చుకోవడానికే లోపాలతో తయారుచేసి ఉంచిన డైవా, ఇన్‌సెక్యూర్‌బ్యాంక్ వంటి యాప్‌లను మాత్రమే తాకాలి, పరాయివారి సర్వర్‌లోకి అనుమతి లేకుండా చెయ్యి పెడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. ఆయనను ఆ ఆదివారం వెనక బెంచీలో కూర్చోమన్నాను. కొడుకు తాను రాసిన హాజరు పట్టీ యాప్‌ను తానే విప్పి, అందులో తానే రాసిన అడ్మిన్ పాస్‌వర్డును తానే చదివి, తల పట్టుకోవడం చూశారు. వెళ్ళేటప్పుడు టీ తాగి వెళ్ళారు గానీ, పూర్తిగా ఒప్పుకున్నారో లేదో చెప్పలేదు.

ఆ ఎసెమ్మెస్ కీ సంగతికి వస్తే, కోడు దిద్దడం నాలుగు రోజుల పని. కీని రద్దు చేయడం అంత సులువు కాలేదు. కొత్త వెర్షన్‌ను స్టోర్‌లో పెట్టినా, అప్‌డేట్ చేసుకోని ఫోన్లలోని పాత వెర్షన్ పాత కీతోనే ఓటీపీ పంపుతోంది. కీ తీసేస్తే వారెవరూ లాగిన్ కాలేరు. డయాగ్నస్టిక్ సెంటర్‌వారు నెల రోజులు ఆగమన్నారు. గేట్‌వేవారిని అడిగి రోజుకు ఇన్ని సందేశాలకు మించకుండా హద్దు పెట్టించి, ప్రతి రాత్రీ లెక్క చూసుకుంటూ ఆ నెల గడిపాను. చివరికి ఒక ఆదివారం రాత్రి కీని రద్దు చేశాను. సోమవారం ఉదయం ఏడు గంటలకు, పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవారి వేళకే, సెంటర్ కౌంటర్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రెండు వారాలపాటు వారు రిపోర్టులను కాగితాల మీద ముద్రించి ఇచ్చారు, ఆ కాగితం ఖర్చు మా బిల్లులో తగ్గించుకున్నారు.

అప్పటికి ఇంటర్న్‌షిప్ ముగిసి ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. కీ తీసేశామని వాట్సాప్‌లో సందేశం పెట్టాను. సాయంత్రం జవాబు వచ్చింది: "మంచిదండి సార్. అందులో మ్యాప్స్ కీ కూడా ఉంది కదా, అది ఉండక తప్పదు గానీ, దానికి మన ప్యాకేజీ పేరూ సంతకమూ పరిమితిగా పెట్టారా అండి?" ఆ పరిమితి ఉంటే ఆ కీ మా యాప్ నుంచి తప్ప పనిచేయదు. గూగుల్ కన్సోల్ తెరిచి చూస్తే పెట్టలేదు. భోజనానికి లేవకముందే ఆ పని పూర్తిచేసి, ఆమెకు స్క్రీన్‌షాట్ పంపాను.